పడవ మీద నుంచి కనిపించని ఒడ్డు

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగులో ఒక వ్యాసం ఇచ్చాము. 'నదీ విహారయాత్ర వల్ల కలిగే లాభాలు' అనేది అంశం. మేము ఆలోచించి పెట్టింది కాదు, ఒక పాత మాదిరి ప్రశ్నపత్రంలో ఉంటే తీసుకున్నాము. పిల్లలు దాదాపు అందరూ ఒకే వ్యాసం రాశారు. మనసుకు ప్రశాంతత కలుగుతుంది, స్వచ్ఛమైన గాలి దొరుకుతుంది, ప్రకృతి ఒడిలో సేద తీరవచ్చు, కొత్త పరిచయాలు అవుతాయి. గైడులో ఉన్న మాటలే. ఒక్కరూ పడవ ఎక్కినవాళ్లు కాదు. అయినా పదికి ఏడు, ఎనిమిది మార్కులు వేశాము. అక్షర దోషాలు లేవు, పేరాలు ఉన్నాయి, ముగింపు ఉంది.

ఒక కొలాం పిల్లవాడు మాత్రం నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నాడు. "మా తాత పుట్టిల కూసొని ధర్మపురి జాతరకు పోయేటోడు. పుట్టి నడిపేటాయనకు పైసలు కాదు, జొన్నలు ఇచ్చేటోడు. ఇప్పుడు బిర్జి ఉంది. నదిల ఎవ్వరు దిగరు." లాభాలు రాయలేదని రెండు మార్కులు వేసి పక్కన పెట్టాము.

ఆ రెండు మార్కులు తప్పని మాకు తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. నది మీద ప్రయాణం గురించి మన భాషలో వచ్చిన సినిమాలు, ప్రకటనలు, పత్రికల ఆదివారం పేజీలు, బడి వ్యాసాలు అన్నీ ఒకే చోట నిలబడి మాట్లాడుతున్నాయని, ఆ చోటు పడవ మీద ఉందని, మనం మాత్రం ఒడ్డున ఉన్నామని చెప్పడమే మా ఉద్దేశం.

ధర్మపురి తెలియనివాళ్ల కోసం ఒక మాట. అక్కడ గోదావరి దక్షిణానికి తిరిగి పారుతుంది, అందుకే ఆ రేవుకు అంత పేరు. నరసింహస్వామి గుడి మెట్ల మీద నిలబడి చూస్తే కనిపించే అవతలి ఒడ్డు మాది. దండేపల్లి, జన్నారం, ఆ వెనుక కవ్వాల్ అడవి. రాయపట్నం వంతెన మీద బస్సులో అయితే నది దాటడానికి రెండు మూడు నిమిషాలు. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు చెయ్యి బయటపెట్టి రూపాయి బిళ్ల విసురుతారు. నదితో వాళ్ల సంబంధం అంతే.

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. పడవ ప్రయాణంలో లాభాలు లేవని మేము అనము. మా ఉపాధ్యాయుల బృందం ఒకసారి భద్రాచలం మీదుగా పోచవరం వెళ్లి, అక్కడ బోటు ఎక్కి పాపికొండలు చూసి వచ్చింది. సంచి ఒక్కసారి కింద పెడితే మళ్లీ దిగేదాకా ఎత్తే పని లేదు. దుమ్ము లేదు, కుదుపు లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మా పెద్దసారు కుర్చీలో కూర్చొని కొండలు, లోయలు, మంచు, చేపల కోసం కాచుకున్న కొంగలు అన్నీ చూశారు. బస్సు దారి తన అవసరం కోసం కొండను తవ్వుతుంది. నది ముందే తన దారి తాను చేసుకుంది, దాని మీద పోయేవాడు కొత్తగా తవ్వేదేమీ లేదు. పాపికొండల దగ్గర నది ఇరుకైపోయి రెండు వైపులా కొండలు మీద పడతాయేమో అనిపించినప్పుడు మాలో ఎవరూ మాట్లాడలేదు. లెక్కల సారు కూడా. అది నిజమైన ఆనందమే. దాన్ని కాదంటే అబద్ధమాడినట్టు.

నెమ్మది అనేది కూడా ఒక లాభమే. సరుకుకైనా మనిషికైనా నీటి దారి చవక అన్నది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గం ప్రకటించినప్పుడు భద్రాచలం నుంచి రాజమండ్రి వరకు 171 కిలోమీటర్ల గోదావరిని అందులో చేర్చారు. 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరిన గంగా విలాస్ అనే ఓడ 27 నదుల మీద, దాదాపు 3,200 కిలోమీటర్లు నడిచి డిబ్రూగఢ్ చేరింది. అందులో వెళ్లినవాళ్లు ఎక్కువగా స్విట్జర్లాండ్ వాళ్లు. యూరప్‌లో రైన్, డాన్యూబ్ నదుల మీద ఇలాంటి ఓడలు చాలా కాలంగా నడుస్తున్నాయి, ఊరూరా ఆగుతాయి, జనం దిగి బజార్లో తిరిగి వస్తారు. అక్కడ ఒడ్డున ఉన్నది పట్టణం. పట్టణానికి తన మేయరు ఉంటాడు, తన రేవుకు తన రుసుము ఉంటుంది. వచ్చిన ఓడ ఆ ఊరికి లెక్క చెప్పాలి. మన దగ్గర ఓడ ఎవరికి లెక్క చెబుతుంది?

మన సినిమాల సంగతికి వద్దాం. పడవ ప్రయాణం గురించి తెలుగువాళ్లకు గుర్తుండిపోయినవి రెండు. 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణ తీసిన 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి'. రెండింటిలోనూ పడవ రాజమండ్రి నుంచి భద్రాచలానికి పోతుంది. రెండూ మాకు ఇష్టమైన సినిమాలే, ఆశ్రమ పాఠశాల హాస్టల్లో టీవీలో వచ్చినప్పుడల్లా పిల్లలతో కూర్చొని చూశాము. మొదటిదానిలో పడవే ఒక చిన్న లోకం. ఉన్నవాడు, లేనివాడు, భక్తుడు, దొంగ భక్తుడు అందరూ ఒకే చెక్కల మీద ఇరుక్కొని బయటపడతారు. రోడ్డు మీద అయితే ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు, నది వాళ్లను పోనివ్వదు. పడవ ప్రయాణం వల్ల కథకు వచ్చే పెద్ద లాభం ఇదే, దాన్ని వాళ్లు బాగా వాడుకున్నారు. రెండోదానిలో నాయకుడు ప్రజల కోసం ఏదో చెయ్యాలని రాజకీయాల వైపు చూసే మనిషి. నాయికకు తన సొంత కాళ్ల మీద నిలబడాలన్న పట్టుదల. వాళ్ల మాటలు, అలకలు చూస్తుంటే పొద్దు తెలియదు.

కానీ రెండు సినిమాల్లోనూ కథంతా పడవలోనే ఉంది. ఒడ్డు తెర. తెర మీద కొండలు కదులుతుంటాయి, మబ్బులు దిగుతుంటాయి. ఆ కొండల్లో కొండరెడ్లు ఉన్నారని, కోయవాళ్లు ఉన్నారని, ఆ ఇసుక తిన్నె మీద ఎవరిదో పుచ్చకాయల తోట ఉందని, ఆ పొగ పొగమంచు కాదు, పోడు కాల్చిన పొగ కావచ్చునని తెలుసుకునే అవసరం కథకు పడలేదు. దర్శకులకు మన మీద కోపమేమీ లేదు. కోపం ఉంటే కనీసం ఒక దుష్టపాత్ర అయినా దొరికేది. పడవ మీద నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది, అంతే. సమాజం గురించి అంత ఆలోచించే 'గోదావరి' నాయకుడు, పోలవరం మీద ఊళ్లలో గొడవ నడుస్తున్న ఆ రోజుల్లోనే, ఆ ముంపు ఊళ్ల పక్క నుంచే పోయాడు. ఆ నీళ్లు మా పిల్లలకు అందంగా కనిపించాయి, మాకూ అందంగానే కనిపించాయి. మేమూ ఆ తెరనే చూశాము.

ఈ చూపు సినిమాతో మొదలైంది కూడా కాదు. పంతొమ్మిదో శతాబ్దం నడిమిలో ఆర్థర్ కాటన్, ఆయన తరువాత హేగ్ అనే ఇంజనీరు గోదావరిని పైదాకా ఓడలు నడిచే దారిగా మార్చాలనుకున్నారు. బేరారు పత్తిని సముద్రానికి చేర్చడం వాళ్ల లెక్క. అడ్డుగా మూడు రాతి మెట్లు ఉన్నాయి: దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహిత దగ్గర దేవలమర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగి 1871 ప్రాంతంలో పని ఆపేశారు. పత్తికి రైలు దొరికింది, నది మిగిలిపోయింది. ఆ రోజుల్లో కూడా నది అంటే ఒక చివర పత్తి, ఇంకో చివర రేవు. మధ్యలో ఉన్నవాళ్లు కూలీలుగా మాత్రమే లెక్కకు వచ్చారు. 1879 రంప తిరుగుబాటులో కొండవాళ్లు గోదావరిలో సర్కారు స్టీమరు మీద కూడా దాడి చేశారు. ఒడ్డు పడవకు జవాబు చెప్పిన సందర్భం అది. మన పాఠాల్లో ఆ ముక్క లేదు.

ఒడ్డున దిగి చూసినవాడు ఒకడున్నాడు. మన మార్లవాయిలో ఉండి రాజ్‌గోండుల మీద పుస్తకం రాసిన హైమన్‌డార్ఫ్ అంతకుముందే కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వాళ్ల మీద ఒక పుస్తకం వేశాడు. పాపికొండలను ఇంగ్లీషువాళ్లు అడవిదున్నల కొండలు అనేవాళ్లు, పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. నది ఒడ్డున వెదురు, కలప కొట్టించే వ్యాపారులు కొండరెడ్లను ఎలా పట్టుకున్నారో అందులో ఉంది. వెదురు నరికినవాడిది కొండ, తెప్ప కట్టి కిందికి తోసినవాడిది కొండ, డబ్బు మాత్రం కింద పట్నంలో. ఆయన రాసినదంతా మనం తలకెత్తుకోవాలని కాదు. పరిపాలన కోసం వచ్చిన పరిశోధకుడు, ఆయన చూపుకు ఆయన హద్దులున్నాయి. కానీ పడవ దిగాడు, నడిచాడు, అడిగాడు. మన పర్యాటక పేజీల్లో ఇప్పటికీ ఆ మూడూ కనిపించవు.

మా ప్రయాణంలో బోటు పేరంటాలపల్లి దగ్గర ఆగింది. గట్టు మీద శివాలయం, సెలయేరు, చెట్ల నీడ. మెట్ల పక్కన కొండరెడ్డి ఆడవాళ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు పెట్టుకొని కూర్చున్నారు. మైకులో అంతవరకు పాటలు, డ్యాన్సులు నడిచాయి. దిగబోయే ముందు "ఇక్కడ గిరిజనులు ఉంటారు, ఫోటోలు తీసుకోవచ్చు" అని చెప్పారు. మాలో పదకొండు మందిమి గిరిజనులమే. ఒకరి మొహం ఒకరం చూసుకొని నవ్వుకున్నాము. ఆ నవ్వు బాగున్న నవ్వు కాదు.

మాతో వచ్చిన టీచరమ్మ ఒకామె బుట్ట బేరం చేస్తూ "అక్కా, రోజుకు ఎన్ని అమ్ముతావు?" అని అడిగింది.

"బోటు అరగంట ఆగుద్దమ్మా. గుడి చూసి, స్నానం చేసి, ఫోటోలు తీసుకొని వచ్చేసరికి హారన్ కొడతారు. బేరం సగంలో ఉండగానే పరిగెత్తిపోతారు" అందామె. తరువాత ఆమే అడిగింది, "మీ వైపు కూడా డ్యాం కింద పోయాయా ఊళ్లు?"

పోయాయని చెప్పాము. ధర్మపురి దిగువన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీళ్లలో కోటిలింగాల, చెగ్యాం లాంటి ఊళ్లు ముంపుకు గురయ్యాయి. కోటిలింగాల అంటే శాతవాహనుల నాణేలు దొరికిన చోటు, రెండు వేల ఏళ్ల నాటి కోట ఉన్న ఊరు. ఆ సంగతి ఆమెకు చెప్పే సమయం లేదు. హారన్ కొట్టారు.

ఆమె ఊరు, ఆ చుట్టుపక్కల ఊళ్లు 2014లో ఖమ్మం జిల్లా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఏడు మండలాల్లోవి. పోలవరంలో 45.72 మీటర్ల మట్టానికి, అంటే 150 అడుగులకు నీళ్లు నిలబెడితే మునిగే ఊళ్లలో ఎక్కువ మన ఆదివాసీలవే. దిగువన దేవీపట్నం మండలంలో కాఫర్ డ్యాం వెనుక నీళ్లు పెరిగి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వరద వస్తే గండిపోచమ్మ గుడి కూడా నీళ్లలోకి పోతుంది. ఇప్పుడు పాపికొండల బోట్లు బయలుదేరేది ఆ గుడి దగ్గరి నుంచే. నీళ్లు ఎంత నిండితే బోటు అంత నున్నగా పోతుంది, విహారానికి అంత లాభం. ఆ నున్నదనం కింద ఇళ్ల గోడలున్నాయి. ఏ కరపత్రమూ ఈ లాభాన్ని ఇలా రాయదు.

పడవల్లో కూడా రెండు రకాలున్నాయి. ఇది మేము చాలా ఆలస్యంగా గమనించాము. 2018 మే 15న కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ గాలివానకు మంటూరు దగ్గర గోదావరిలో మునిగింది. అది విహారానికి కాదు. రోడ్డు లేని కొండ ఊళ్ల మనుషులు ఆఫీసు పనులకు, ఆసుపత్రికి, సంతకు పోయే లాంచీ. మనుషులతో పాటు సిమెంటు బస్తాలు కూడా అందులోనే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు. తరువాత ఏడాది, 2019 సెప్టెంబర్ 15న, వరద మీదున్న గోదావరిలో పాపికొండలకు పోతున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. అందులో 77 మంది ఉన్నారు, 26 మంది బతికారు. మన వరంగల్ పక్కన కడిపికొండ నుంచి పోయినవాళ్లు కూడా ఆ బోటులో ఉన్నారు, అందుకే మన వైపు ఆ పేరు అందరికీ తెలుసు.

కచ్చులూరు గురించి ఎవరిని అడిగినా బోటు పేరు చెబుతారు, కాకినాడ మత్స్యకారుల బృందం అక్టోబర్ 22న బోటును పైకి తీసిన సంగతి చెబుతారు. బతికినవాళ్లను ముందు ఎవరు తీశారో అడగండి. ఆ ఒడ్డు ఊళ్లవాళ్లు. చేపల వేటకు పోయే చిన్న పడవలు వేసుకొని, పెద్ద బోటును తిప్పేసిన ఆ సుడిలోకే పోయి, మనుషులను పట్టుకొని గట్టుకు చేర్చారు. అక్కడ నది ఎలా తిరుగుతుందో వాళ్లకు తెలుసు. ఆ చోటు ప్రమాదమని వాళ్లకు ముందే తెలుసు. ఆ తెలివి బోటు మీద లేదు, ఒడ్డున ఉంది. టికెట్టులో భోజనం ఉంటుంది, టిఫిన్ ఉంటుంది, ఆ తెలివికి మాత్రం చోటు లేదు. రెండు ప్రమాదాలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించమని మా కోరిక. రెండోదాని తరువాత బోట్లన్నీ ఆపి కట్టుదిట్టాలు, కంట్రోల్ రూములు వచ్చాయి. మొదటిదాని తరువాత కూడా కొండ ఊళ్ల మనిషికి నదే రోడ్డు. తేడా ఎందుకు వచ్చిందో పిల్లలతో చర్చించడానికి ఒక పీరియడ్ చాలదు.

కృష్ణ మీదా ఇంతే. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నల్లమల మధ్యగా పోతుంది. పులుల అడవి అని చెబుతారు, చెంచుల అడవి అని చెప్పరు.

ఇంత రాశాక మనలో కొందరు అడుగుతారు, అయితే బోట్లు వద్దంటారా అని. వద్దనము. పేరంటాలపల్లి అక్క బోటు ఆపమని అడగలేదు, గంట సేపు ఆపమంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభను అడిగి చెయ్యాలని 1996 నాటి పెసా చట్టం స్ఫూర్తి చెబుతోంది. రేవు ఎవరి ఊరిదో ఆ గ్రామసభ అనుమతితో బోటు ఆగాలి, రేవు రుసుము ఆ ఊరికి రావాలి, మైకు ఆ ఊరి పిల్లల చేతిలో ఉండాలి. సరంగు పని నేర్చుకొని లైసెన్సు తీసుకోవడానికి మన యువకులకు ఐ.టి.డి.ఏ. శిక్షణ ఇవ్వవచ్చు. కుట్టుమిషన్లు, డ్రైవింగు నేర్పిస్తున్నప్పుడు పడవ ఎందుకు కాదు? ఎల్లంపల్లి నీళ్ల మీద కూడా పడవలు తిప్పుతారని అప్పుడప్పుడు మాటలు వినిపిస్తుంటాయి. అవి నిజంగా వచ్చే రోజుకు పుట్టి నడిపిన తాతల మనుమలు టికెట్లు చింపే పనికి మాత్రమే మిగలకూడదు.

నదితో ప్రయాణం అనేది మనకు తెలియనిది కూడా కాదు. మెస్రం వాళ్లు ప్రతి పుష్యమాసంలో నాగోబా కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా నడుచుకుంటూ వచ్చి, గోదావరి నీళ్లు ఝరిలో పట్టుకొని మళ్లీ నడుచుకుంటూ పోతారు. దారిలో ఊరూరా ఆగుతారు. ఆ ఊళ్లు వాళ్లకు తెలుసు, ఆ ఊళ్లకు వాళ్లు తెలుసు. దీపావళి ముందు దండారీ బృందాలు గుమ్మేలలు, డోళ్లు, పెప్రెలతో గుడిరేవుకు వచ్చి గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకోను కొలుస్తాయి. కాకో అంటే గోండిలో అమ్మమ్మ. అమ్మమ్మ ఇంటికి పోవడాన్ని ఎవరైనా విహారయాత్ర అంటారా? కానీ ఆ పిల్లలకు ఎంత సంబురమో చూడాలి. నెమలి ఈకల టోపీలు తడవకుండా చేతుల మీద పట్టుకొని, నీళ్లలో కాళ్లు పెట్టి, పెద్దవాళ్లు పిలిచేదాకా బయటికి రారు. మనసుకు ప్రశాంతత, స్వచ్ఛమైన గాలి, కొత్త పరిచయాలు. గైడులో రాసినవన్నీ అక్కడ ఉన్నాయి. వాళ్లు పరీక్షలో అది రాయలేదు. రాస్తే మార్కులు పడవని వాళ్లకు తెలుసు. తెలిసేటట్టు చేసింది మేమే.

ఆ కొలాం పిల్లవాడిని పిలిచి పుట్టి ఎలా ఉండేదని అడిగాము. వాడు చూడలేదు, తాత చెప్పగా విన్నాడు. తాతను బడికి రమ్మన్నాము. ముసలాయన వచ్చి వరండాలో కూర్చొని, వెదురు బద్దలు ఎలా అల్లుతారో, పైన తోలు ఎలా కడతారో, నడి నదిలో పుట్టి గిరగిర తిరిగితే భయపడకుండా కూర్చోవాలని, నిలబడితే మునుగుతుందని చెప్పాడు. పిల్లలు గంట కొట్టినా లేవలేదు. ధర్మపురి రేవులో దిగినప్పుడు మొదట ఏం చేసేవాడివి తాతా అని ఒక అమ్మాయి అడిగింది. గుడికి పోయేవాణ్ణి అంటాడనుకున్నాము. "బెల్లం కొనుక్కునేటోణ్ణి" అన్నాడు.

ఈ ఏడాది ప్రశ్న మార్చాము. 'మీ ఊరి నుంచి గోదావరికి ఎట్లా పోతారు? దారిలో ఎవరెవరి ఊళ్లు వస్తాయి? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి' అని ఇచ్చాము. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. కొన్ని నాలుగు వాక్యాలే, కొన్ని ఆరు పేజీలు. దిద్దడం మొదలుపెట్టాము.